వాన పడ్డ రోజు నాయన సంద్రంలో ఉన్నాడు

కోవిల్‌పట్టిలో నేను పనిచేసే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే సందులో రెండు దుకాణాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఎండుమిరపకాయల మండీ, రెండోది ఎండుచేపల కొట్టు. సాయంత్రం పూట మండీవాళ్లు గోతాలు సర్దుతూ దుమ్ము లేపినప్పుడు గుండుమిరపకాయల ఘాటూ, పక్కకొట్టు గంపల్లోని నెత్తళ్ల ఉప్పువాసనా కలిసి సందంతా నిండుతాయి. ఆ దారిన నడిచే ఆడవాళ్లందరూ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. చిన్నప్పుడు మా ఇంటి వాసన అదే.

మా ఊరు విళాత్తికుళానికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉండేది. అంత దగ్గర్లో ఉన్నా సముద్రంతో మాకు ఏ సంబంధమూ ఉండేది కాదు. మా వీధిలో ఒక్క ఇంటి తలుపు కూడా అటువైపు తెరుచుకునేది కాదు. మాది నల్లరేగడి, వానని నమ్ముకున్న సేద్యం. పత్తి, మిరప, సజ్జ, కొత్తిమీర, ఏడాదికి ఒక్క కారు పంట. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగుకి అక్షరాలు ఉంటాయని మాకెవరూ చెప్పలేదు. నేను అవి ముప్పై దాటాక, పిల్లల పలక ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. గట్టుమీది తెల్లటి చిన్న చర్చి చుట్టూ గుడిసెలు వేసుకున్న చేపలవాళ్ల పల్లె మాకు మరో దేశంలాగా ఉండేది.

ఎండాకాలంలో మా నేల నెర్రెలిచ్చేది. నెర్రెలో కాలు పెడితే మోకాలిదాకా దిగేది, లోపల చల్లగా ఉండేది, ఆ చల్లదనం కోసమే మేం కాళ్లు దించుకుని కూర్చుని గుంటలాట ఆడుకునేవాళ్లం. ఆటకి చింతగింజలే వాడేవాళ్లం, ఎవరైనా గవ్వలు తెస్తే ఆ పిల్లకి ఆ పూట పెత్తనం. ఆవణి దాటి, వానలకి ముందు నెల పురట్టాసి వచ్చేసరికి పెద్దవాళ్ల మాటలు తగ్గిపోయేవి. మా అవ్వ, అంటే నాయన తల్లి, తెల్లవారగానే వాకిట్లో నిలబడి, పాంబడాలనే బరువైన కమ్మలతో భుజాలదాకా సాగిన చెవులు ఊగుతుండగా, తల ఎత్తి ఆకాశాన్ని ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకి చూసి, వెళ్లి ఇనపరోట్లో వక్క దంచుకునేది. ఆ దంచే చప్పుడు గట్టిగా ఉంటే మబ్బు లేదని అర్థం. ఐప్పసిలో వాన పడితే దీపావళికి అదిరసాలు, సుయ్యాలు, ముంతెడు నూనెలో వేగిన జంతికలు. పడకపోతే సజ్జపిండిలో తాటిబెల్లం కలిపిన ఉండలు మాత్రమే, అవి కూడా చేతికి ఒక్కటి.

సముద్రం వైపు నుంచి మా ఇంటికి వచ్చే మనిషి అంతోణి ఒక్కడే. కైలీ మోకాళ్లపైకి కట్టి, సైకిలు వెనక తాటాకు బుట్టతో, ఎండ ముదరకముందే వచ్చేవాడు. కవళ్లో నెత్తళ్లో, ఆ పూట పడ్డ చేపలు వాకిట్లో పోసి, బదులుగా సజ్జలూ ఎండుమిరపకాయలూ పట్టుకెళ్లేవాడు. కొలత పెద్దగా ఉండేది కాదు. అవ్వ దోసిళ్లతో పోసేది, అతను చాలనేవాడు, అవ్వ ఇంకో దోసెడు పోసేది. నాయనా అతనూ ఒక ఈడువాళ్లు. చేపలు ఇచ్చాక అతను అరుగుమీద కూర్చుని నాయనతో గాలి గురించి మాట్లాడేవాడు. నాయనకి గాలి అంటే వాన తెచ్చేదీ తేనిదీ, రెండే రకాలు. అంతోణికి ప్రతి గాలికీ ఒక పేరు ఉండేది.

నాకు ఏడూ ఎనిమిదేళ్లప్పుడు వరసగా రెండు ఐప్పసి నెలలు ఎండిపోయాయి. వేసిన విత్తనం నేలలోనే మాడింది. మా వీధి మగవాళ్లు కొందరు విరుదునగర్ పప్పుమిల్లులకి మూటలు మొయ్యడానికి పోయారు, కొందరు పెళ్లాం పిల్లలతో కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పనికి పోయారు. ఆడపిల్లలు ఎనిమిదో తరగతి కాగానే తెల్లవారుజామున వచ్చే అగ్గిపెట్టెల కంపెనీ బస్సు ఎక్కడం అప్పుడే మొదలైంది. మా నాయన రామసామి మాత్రం ఊరు విడిచి పోనన్నాడు. అమ్మ ఒళ్లో నెలల తమ్ముడు ఉన్నాడు. ఆ రోజుల్లోనే అంతోణి తమ్ముడు తూత్తుకుడి రేవులో పని దొరికి వెళ్లిపోయాడు. అంతోణీ అతని బావమరిదీ మిగిలిన పడవలో ఒక మనిషి చోటు ఖాళీ అయ్యింది. మా అరుగుమీద కూర్చుని, నేలకేసి చూస్తూ, అంతోణి ఆ మాట తమిళంలో, నాయనని మా కులంపేరుతో పిలిచి అన్నాడు: "నాయక్కరే, మీకు ఇష్టమైతేనే."

అతను వెళ్లాక అవ్వ వక్క దంచడం ఆపింది.

"ఏమిరా రామసామీ, సంద్రంలో పొయ్యేది మన వేలయా?" వేల అంటే మా ఇంటి తెలుగులో పని.

"చేప తినేది మన వేలయితే, పట్టేది ఎట్ల కాకుండా పోతాదిమా?" అన్నాడు నాయన.

"నీకు ఈదేకి తెల్దు గదరా!"

"అంతోణికి తెలుసు."

అవ్వ ఆ రోజు నుంచి నాయనతో మాట్లాడలేదు. ఆయనకి చెప్పాల్సిన మాటలు నాతో చెప్పించేది. వీధిలో పెద్దలు ఆయన్ని చూసి తలలు తిప్పుకున్నారు, కొందరు పైకే నవ్వారు. ఆయన ఏమీ పట్టించుకోనట్టే ఉన్నాడు, కానీ పొద్దున్నే పోయేటప్పుడు వీధిగుండా కాకుండా ఇంటి వెనక తాటితోపు గుండా పోయేవాడు.

మొదటి నెల రోజులు అంతోణి ఒక తాడు కొస నాయన నడుముకీ రెండో కొస తెరచాప కర్రకీ కట్టాడు. నాయన ప్రతిరోజూ వాంతి చేసుకునేవాడు. నాయక్కరు చేపలకి సజ్జసంగటి పెడుతున్నాడని గట్టుమీద ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లట. ఇదంతా ఆయనే మాకు చెప్పాడు, సంగటిలో చేపలపులుసు కలుపుకుంటూ, మరెవరికో జరిగినట్టు. అరచేతుల్లో కొడవలి కాయలు పోయి తాడు కాయలు వచ్చాయి. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చొక్కామీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉండేది. అమ్మ ఆ చొక్కా విడిగా ఉతికేది. తెచ్చిన చేపల్లో మిగిలినవి చీల్చి, ఉప్పు పట్టించి, మిరపకాయలు ఎండబెట్టే ఎర్రమట్టి కళ్లంలోనే ఒక పక్కగా ఆరేసేది. ఆ ఏడు కళ్లంలో మిరపకాయలు లేవు, చేపలే ఉన్నాయి.

మూడో ఐప్పసి వచ్చింది. ఒకరోజు నాయన ఎప్పట్లాగే చీకటితోనే పోయాడు. పొద్దెక్కే వేళకి తూర్పున ఆకాశం నేరేడుపండు రంగులోకి మారింది. ముందు గాలి వచ్చింది, తరవాత మట్టివాసన, తరవాత వాన. రెండేళ్లుగా రాని వాన. వీధిలో జనం కేకలు వేసుకుంటూ బయటికి వచ్చారు. మగవాళ్లు తలగుడ్డలు తీసి తడిశారు, పిల్లలు నెర్రెల్లోకి నీళ్లు గుడగుడమని దిగుతుంటే వాటి వెంట పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. ఎంతసేపు పరుగెత్తానో గుర్తు లేదు గాని, వెనక్కి వచ్చేసరికి మా వాకిట్లో అవ్వ ఒక్కతే నిలబడి ఉంది. తడుస్తోంది. అందరూ పొలాల వైపు చూస్తుంటే అవ్వ తూర్పుకేసి చూస్తోంది.

"మీ నాయన వచ్చెనా?" అంది.

రాలేదన్నాను. నిజానికి అంతవరకూ ఆ సంగతే నాకు తట్టలేదు.

మధ్యాహ్నం దాటినా రాలేదు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గడపలో కూర్చుండిపోయింది. అవ్వ నా చెయ్యి పట్టుకుని తాటితోపు దారిన బయలుదేరింది. తడిసిన నల్లరేగడిలో నడవడం అంటే అడుగడుక్కీ కాలికి మరో కాలంత మట్టి అంటుకోవడం. అవ్వ పది అడుగులు వేసి, ఆగి, పుల్లతో మట్టి గీకి, మళ్లీ నడిచేది. డెబ్బై ఏళ్ల మనిషి. దారిలో పొలానికి పోతున్న ఒకాయన, "ఏమత్తా, ఇంత వాన పడితే నవ్వుమొగం లేదే?" అని అడిగాడు. అవ్వ కాలి మట్టి గీకి మళ్లీ నడిచింది.

సముద్రానికి రెండు మైళ్ల దూరంలో పుట్టి, అక్కడే పెళ్లై, అక్కడే ముసలిదైన మా అవ్వ సముద్రం గట్టు ఎక్కడం అదే మొదటిసారని నాకు అప్పుడు తెలియదు. గట్టు ఎక్కి ఆగిపోయింది. నీళ్లు మట్టిరంగులో లేచి పడుతున్నాయి, అవతలి కొస కనపడటం లేదు. చర్చి గోడవార చేపలవాళ్ల ఆడవాళ్లు తలలమీద గోనెసంచులు కప్పుకుని కూర్చున్నారు. అంతోణి భార్య లేచి వచ్చి, తన గోనెసంచి అవ్వ తలమీద కప్పి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నాయనని చూసి నవ్విన వాళ్లలో ఆమె కూడా ఉండే ఉంటుంది. చాలాసేపటికి అవ్వ తల పైకెత్తి, ఆకాశంతో తెలుగులో మాట్లాడింది. రెండేళ్లు ఏ నోటితో రమ్మని పిలిచిందో ఆ నోటితోనే:

"చాల్లే. అడిగినంత ఇచ్చినావు. ఇంక నిల్వు. నిల్వు, నా తల్లీ."

అంతోణి భార్యకి తెలుగు రాదు. అయినా తలూపింది.

వాన సాయంత్రానికి తగ్గింది గాని పడవ రాలేదు. ఆ రాత్రి మేం వాళ్ల గుడిసెలోనే ఉన్నాం. మర్నాడు ఎండ వచ్చాక ఉత్తరం వైపు ఒడ్డు వెంబడి ముగ్గురు మనుషులు నడిచి రావడం ముందు ఆడవాళ్లు చూశారు: అంతోణి, అతని బావమరిది, మా నాయన. గాలి వాళ్లని ఎక్కడో ఉత్తరానికి తోసి, పడవని రాళ్లమీద కొట్టిందట. పడవ పక్క పలకలు చీలిపోయాయి. నడుముకి తాడు కట్టడం మానేసి నెలలైంది, ఆ రోజు మాత్రం అంతోణి మళ్లీ కట్టాడని నాయన తరవాత చెప్పాడు.

అంతోణి భార్య ఏడుస్తూ ఎదురు పరుగెత్తింది. అవ్వ లేవలేదు. నాయన దగ్గరికి వచ్చి నిలబడ్డాక, ఆయన కాళ్లనుంచి తలదాకా ఒకసారి చూసి, ఏడాది తరవాత మొదటిసారి నేరుగా ఆయనతో మాట్లాడింది.

"ఎల్లుండికి పదునొస్తాది. గొర్రు సరిజెయ్యొద్దా?"

"చెయ్యాలమా," అన్నాడు నాయన. అప్పుడు అవ్వ చెయ్యి చాపింది, లేపమని. ఆయన లేపాడు. ఇంటికి చేరేదాకా ఆ చెయ్యి విడవలేదు.

మూడోరోజు మేం విత్తుతుంటే అంతోణి, అతని బావమరిది పొలం గట్టుమీద ప్రత్యక్షమయ్యారు. పడవ బాగయ్యేదాకా మాకు పనేముంది నాయక్కరే, అన్నారు. అంతోణికి గొర్రు వెనక నడిచి విత్తనం వదలడం నేర్పింది అవ్వే. తుఫానులో పడవ మీద నిలబడ్డ మనిషి మా మట్టిలో పదడుగులు వెయ్యకముందే జారి కూలబడ్డాడు. అవ్వ నవ్వింది. పొగాకు నల్లబరిచిన పళ్లన్నీ కనపడేలా, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తరవాత అతని నడుముకి తాడు కట్టమని నాతో చెప్పింది.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. నాయన సేద్యం రోజుల్లో సేద్యమూ, తక్కిన రోజుల్లో సముద్రమూ, ఇంకా ఎనిమిదేళ్లు అట్లాగే నడిపాడు. అప్పటినుంచి వీధిగుండానే పోయేవాడు. సద్ది అవ్వే కట్టేది, ముగ్గురికి సరిపడా. నేను ఎనిమిదో తరగతి అయ్యాక కంపెనీ బస్సు ఏజెంటు మా వాకిట్లోకి వచ్చినప్పుడు, నాయన అతన్ని మర్యాదగా పంపించేసి, విళాత్తికుళం హైస్కూలుకి నా పేరు రాయించాడు. అవ్వకి అది నచ్చలేదు.

"ఆడబిడ్డని టౌనుబస్సులో పంపించేది మన ఇంట్లో ఉండాదా?"

"నేను సంద్రంలో పోలేదామా?" అన్నాడు నాయన. ఆ తరవాత నేను విరుదునగర్‌లో నర్సు చదువు చదివాను. మా వీధిలో కంపెనీ బస్సు ఎక్కని ఆడపిల్లల్లో నేనొకదాన్ని. ఎక్కినవాళ్లు నాకంటే తెలివైనవాళ్లు ఉన్నారు.

అవ్వ పోయింది. అంతోణి పోయాడు. తెరచాప పడవలు పోయి ఇంజన్ల పడవలు వచ్చాయి, అతని కొడుకులిద్దరూ రేవులో పనికి కుదిరారు. సైకిలుమీద చేపలు తెచ్చి సజ్జలు పట్టుకెళ్లేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు, సజ్జలు వేసేవాళ్లూ లేరు. తాటితోపు దారిని సర్కారుతుమ్మ కమ్మేసింది. మా పొలం, చుట్టుపక్కల పొలాలతోపాటు, ఎండనుంచి కరెంటు తీసే అద్దాల కింద ఉంది; నీడ పడి అక్కడి మట్టి ఎండాకాలంలో కూడా నెర్రెలివ్వదని తమ్ముడు చెప్పాడు. నా పిల్లలు నేను తెలుగులో అడిగినదానికి తమిళంలో జవాబు చెబుతారు.

నాయన మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న ఒక అమ్మాయి చేతిలో ఫోనుతో ఏదో సర్వేకని వచ్చింది. అందరి వివరాలూ రాసుకుని, చివర్లో నాయనని తమిళంలో, తాతా, మీరు చేసిన పని ఏమిటని అడిగింది. సేద్యం అన్నాడు. అమ్మాయి వేలు ఫోనుమీద ఆనేలోపు, సముద్రం పని కూడా, అన్నాడు. రెండు పెట్టడానికి లేదు, ఒకటే చెప్పాలంది అమ్మాయి. నాయన నావైపు తిరిగి, అవ్వ మాట్లాడే ఆ పాత తెలుగులో అడిగాడు:

"ఏది చెప్పేదిమా?"

అమ్మాయి ఇంకో మూడిళ్లు చూడాలంది. 'ఇతరం' అని ఉన్నచోట నొక్కి, మంచినీళ్లు అడిగి తాగి, పక్కింటికి వెళ్లింది.