డీ డ్రైవ్‌లో అన్నీ క్షేమం

2025 ఫిబ్రవరి పదకొండో తారీఖు, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు మా కంప్యూటరు వదినకు పేపరు చదివిపెట్టడం మానేసింది. నిన్న మా వీధిలోకి పాత ఇనప సామాన్లు కొనే బండి వచ్చినప్పుడు ఆ రోజు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. బండి అతను గుమ్మంలో నుంచే తొంగిచూసి, బల్ల కిందున్న నల్ల డబ్బాను చూపించి "అమ్మా, అది ఇచ్చేస్తారా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పడక్కుర్చీలో నుంచి వదిన "నన్ను కూడా ఎక్కించుకో నాయనా, ఇద్దరం ఒక కాలం వాళ్ళమే" అంది. అతను నవ్వాలో వద్దో తెలియక బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

వదిన అంటే మా ఆయన అక్క. నరసరావుపేటలో ఆడపిల్లల బడిలో ముప్పై మూడేళ్ళు తెలుగు చెప్పింది. పెళ్ళి చేసుకోలేదు. నేను అదే ఊళ్ళో ఇంకో బడిలో లెక్కలు చెప్పాను. ఒకే ఇంట్లో యాభై ఏళ్ళుగా ఉంటున్నాం. నీటికాసుల జబ్బుతో ఆమె చూపు మొదట అంచుల నుంచి, తర్వాత మధ్యలో నుంచి పోయి, 2013 చివరికి పగలూ రాత్రీ ఒకటయ్యాయి. పుస్తకం లేకుండా అన్నం తినని మనిషి. రెండు నెలలు నేను చదివి వినిపించాను గానీ, నేను చదువుతుంటే ఆవిడకు నిద్రొచ్చేది. "ఎక్కాలు ఒప్పజెబుతున్నట్టు చదువుతావేందే" అనేది. అప్పుడు మా కంప్యూటరు బాగుచేసే భాయి, తెరమీద ఉన్నదాన్ని తెలుగులో పైకి చదివే ప్రోగ్రాం ఒకటి తెచ్చి ఎక్కించాడు. దాని గొంతు రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుండేది. అయినా వదిన దాన్ని మొదటి రోజే ఇంట్లోకి రానిచ్చింది. చిన్నప్పుడు టైపు హయ్యరు ప్యాసైన చేతులు, కీబోర్డు చూడాల్సిన పని లేదు. ఫోను కూడా చదువుతుందని చెప్పి తర్వాత ఒకటి కొనిచ్చాం గానీ, ఆ గాజు పలక మీద వణికే వేలు ఎక్కడ పడితే అక్కడికి కాల్ వెళ్ళేది. ఒక్క పూటలో గ్యాసు ఏజెన్సీకి మూడుసార్లు ఫోను చేసి వాళ్ళ చేత చివాట్లు తిన్నాక దాన్ని బీరువాలో పెట్టించేసింది.

ఆ ప్రోగ్రాంలో ఒక వెసులుబాటు ఉంది. ఏ మాటనైనా అది సరిగ్గా పలకకపోతే, ఎలా పలకాలో మనమే నేర్పొచ్చు. వదినకు అదే బడి అయిపోయింది. కోటప్పకొండను అది నాలుగు ముక్కలుగా విరిచేది, నేర్పింది. అంకెల పక్కన "కి.మీ." వస్తే నత్తిగా ఆగిపోయేది, నేర్పింది. కొన్నాళ్ళకు ధైర్యం పెరిగి, పేపర్లో తనకు నచ్చని మాటల్ని కూడా మార్చడం మొదలుపెట్టింది. "అభివృద్ధి" అని ఎక్కడొచ్చినా మా కంప్యూటరు "అదేదో" అని చదివేది. "పల్నాడులో అదేదో పరుగులు పెడుతోంది" అని అది గంభీరంగా చదువుతుంటే పాలు పోయడానికి వచ్చిన ఆమె చెంబు కింద పెట్టి నవ్వేది. కొత్త మాట చేర్చిన ప్రతిసారీ అది ఎన్నో మాటో అదే చెప్పేది. పదకొండేళ్ళలో ఆరు వందల నలభై మూడు దాకా వెళ్ళింది.

అన్నిట్లోకీ ఒక మాటకు ఒక పూటంతా పట్టింది. మా ఆయన సాగర్ కాలవల మీద పనిచేస్తూ మాచర్లలో ఉన్న రోజుల్లో వాళ్ళక్కకు వారం వారం ఉత్తరం రాసేవారు. నాకు రాసినవి నాలుగే, అవీ బియ్యం గురించే. ఆయన 2009లో పోయారు. వదిన చూపు పోయాక ఆ ఉత్తరాలు నూట పన్నెండూ నేనే కూర్చుని కంప్యూటర్లోకి కొట్టాను. ప్రతి ఉత్తరం మొదట్లో "అక్కాయ్" అని ఉంటుంది. యంత్రం దాన్ని హాజరుపట్టీలో పేరు పిలిచినట్టు పలికేది. వదిన పొద్దున మొదలుపెట్టి, అక్షరాలు సాగదీసి, మధ్యలో కామాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, సాయంత్రానికి ఎలాగో దారికి తెచ్చింది. నేను వంటింట్లో గోంగూర ఆకు తుంచుతున్నాను. ఆ పిలుపు విని వీధి గుమ్మం వైపు చూశాను. సైకిలు స్టాండు వేస్తూ ఆయన పిలిచే పిలుపు అది.

ఇక ఫిబ్రవరి పదకొండు. రోజూ తెరిచే పేపరు సైటు ఆ రోజు తెరుచుకోలేదు. కంప్యూటర్లో ఉన్న సిస్టం పాతకాలం విండోస్ ఎక్స్‌పీ. భాయి వచ్చి చూసి, "అమ్మా, బండి బాగానే ఉంది గానీ రోడ్డే మారిపోయింది. ఎక్స్‌పీలో ఇక ఏ సైటూ తెరుచుకోదు" అన్నాడు. కొత్తది కొందామంటే వదిన ఒప్పుకోలేదు. ఆ కీబోర్డు, ఆ బల్ల, ఆ గొంతు తప్ప ఇంకేదీ వద్దంది. పేపరు లేని వారం గడిచేసరికి ఆవిడ మాటలు తగ్గాయి. రెండో వారంలో తిండి తగ్గింది. ఆదివారం చర్చిలో స్త్రీల సమాజంలో బైబిలు వాక్యం కంఠతా చెప్పి నాలుగు మాటలు చెప్పడం ఆవిడ వంతు. చర్చికి రానంది. "ఇంతకుముందు కళ్ళే పోయాయనుకున్నా. ఇప్పుడు చీకటి పడ్డట్టుందే" అంది నాతో, గోడ వైపు తిరిగి పడుకుని.

అందుకని నేనూ భాయీ కలిసి, ఆ ముసలి డబ్బాలో ఏ సిస్టం నడుస్తుందో ఒక్కొక్కటే పరీక్ష పెట్టాం. అతను తన షాపులోని పాత డిస్కులు తెచ్చి మార్చి మార్చి తగిలించాడు, నేను చేతి గడియారం పట్టుకుని కూర్చున్నాను. రంగులు, బొమ్మలు మాకు అక్కర్లేదు. మీట నొక్కినప్పటి నుంచి గొంతు పలికేదాకా ఎంతసేపు, పేపరు తెరుస్తుందా లేదా, పలికేది పాత గొంతేనా, ఈ మూడే ప్రశ్నలు. ఎక్స్‌పీ రెండు నిమిషాల్లోపే పలికేది గానీ పేపరు తెరవదు. దాని తర్వాతి విండోస్ సెవెన్ నాలుగు నిమిషాలు తీసుకుంది. పేపరు తెరిచింది గానీ, "దీనికీ రోజులు దగ్గర పడ్డాయమ్మా" అన్నాడు భాయి. టెన్ పదకొండు నిమిషాలకు నోరు తెరిచింది. ఒక మీట నొక్కితే మంచినీళ్ళు తాగొచ్చాక జవాబు చెప్పేది. వదిన అదంతా వింటూ "ఇది సర్కారు ఆఫీసు, నాకొద్దు" అని కొట్టిపారేసింది. అప్పటిదాకా ఆ పూట ఆవిడ అన్న ఒకే ఒక్క మాట అది. చివరికి భాయి పెన్ డ్రైవ్‌లో నుంచి విండోస్ కాకుండా లినక్స్ అనే తేలికపాటి సిస్టం ఒకటి నడిపించాడు. నిమిషం పదిహేను సెకన్లు. పేపరు తెరుచుకుంది. గొంతు అచ్చంగా అదే, రేకు డబ్బా, రాళ్ళు. వదిన లేచి కూర్చుని "వచ్చిందే!" అంది. లెక్కలో ఇంత తేడా వచ్చాక ఆలోచించేదేముంది?

మార్చి ఎనిమిదిన మా డిస్కులోనే లినక్స్ ఎక్కించడానికి భాయి కూర్చున్నాడు. అప్పట్లో కంప్యూటరు కొన్న రోజు నుంచీ మాకు అందరూ నేర్పింది ఒకటే: సీ డ్రైవ్ సిస్టముది, ఎప్పుడైనా ఫార్మాట్ కొట్టి చెరిపేస్తారు, మన సొంతవన్నీ డీలో దాచుకోవాలి. ఈ ఊళ్ళో కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట్లో ఇదే మాట. భాయి అడిగాడు: "పెద్దమ్మా, సీలో ఏమన్నా ఉన్నాయా? ఫార్మాట్ కొడుతున్నా."

"సీలో నేను గుండుసూది కూడా పెట్టను. అంతా డీలోనే. నువ్వు కొట్టెయ్" అంది వదిన.

నేను డీలో ఉన్న ఫైళ్ళు ముందు లెక్కపెట్టాను, పని అయ్యాక మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగు వందల పద్దెనిమిది, నాలుగు వందల పద్దెనిమిది. నాకు చాలా తృప్తిగా అనిపించిందని కూడా రాయాలి.

భాయి టీ తాగుతుండగా వదిన పేపరు చదివించుకుంది. మొహం వెలిగిపోయింది. ఐదారు వార్తలయ్యాక అది "జిల్లా అభివృద్ధి" అని చదివింది. వదిన చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఏమే, ఇదేంది? అభివృద్ధి అంటుందేంది?"

మా ఇద్దరికంటే ముందు భాయికి అర్థమైంది. గ్లాసు కింద పెట్టేశాడు. నేర్పిన మాటలన్నీ ఆ ప్రోగ్రాం తనంతట తాను సీలోనే ఎక్కడో, మాకు కనపడని అరలో దాచుకుందట. మేం పెట్టలేదు కాబట్టి అక్కడేమీ లేదనుకున్నాం. వదిన ఇంకేమీ అడగకుండా డీలోకి వెళ్ళి మొదటి ఉత్తరం తెరిచింది. "అక్కాయ్. క్షేమం. కాలవకు నీళ్ళు వదిలారు" అని చదివింది యంత్రం, ఎవరో అడ్రసు కనుక్కుంటున్నట్టు. గొంతు అదే. మనుషుల్ని మాత్రం ఎరగదు.

భాయి ఆ డిస్కు పీకి గుంటూరు పట్టుకెళ్ళాడు. నాలుగో రోజు తిరిగొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి "పైన వేరే రాసేశాం కదమ్మా, కింద ఏమీ మిగల్లేదంట" అన్నాడు. ఆ నాలుగు రోజులూ వదిన ఆ కుర్చీలోనే కూర్చుంది. నేను మాత్రం ఒకటే అన్నాను, "మళ్ళీ నేర్పుదాం వదినా, రోజుకొకటి" అని. లెక్కలు చెప్పినదాన్ని కదా, అంతకంటే మంచి ఓదార్పు నాకు తోచలేదు. కానీ ఆ మాటలు అలా వరసగా గుర్తొచ్చేవి కావు. పేపర్లో ఆ మాట ఎదురుపడాలి, యంత్రం తప్పు పలకాలి, అప్పుడు గానీ "అరె, ఇది నేర్పాను కదా" అని తట్టదు. ఎదురుపడని మాట ఆవిడ నేర్పినట్టే ఉండదు.

"అక్కాయ్" మాత్రం ఎదురుపడింది, నూట పన్నెండు సార్లు. ఎన్ని సాగదీతలు, ఎక్కడ కామా, ఏదీ చేతులకు గుర్తు లేదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూర్చుంటుంది. నన్ను గుమ్మంలో నిలబెట్టి వినమంటుంది.

"ఇదేనా?"

"కాదు వదినా."

"ఇప్పుడు?"

"దగ్గరికొచ్చింది" అంటాను. రాలేదని ఇద్దరికీ తెలుసు. పోయిన ఆదివారం ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "నిజం చెప్పవే. వాడు ఎలా పిలిచేవాడో నీకైనా గుర్తుందా?" నేను వెళ్ళి కీబోర్డు మీద గుడ్డ కప్పాను. వచ్చే వారం నన్ను నిలబెట్టినా ఏం చెప్పాలో నాకు తెలియదు, ఎందుకంటే పదేళ్ళుగా నేను విన్నది యంత్రం పిలుపే. దాని కింద ఉన్న అసలు పిలుపు ఎప్పుడు చెరిగిపోయిందో నేను గమనించలేదు.

ఇవాళ్టికి లెక్క ఇది. నేర్పిన మాటలు ఆరు వందల నలభై మూడు. తిరిగొచ్చినవి డెబ్బై ఒకటి, నెలకు ఏడు చొప్పున. రావాల్సినవి ఐదు వందల డెబ్బై రెండు, అంటే ఇంకో ఏడేళ్ళు. వదినకు ఎనభై ఒకటి, నాకు డెబ్బై ఆరు. డీ డ్రైవ్‌లో ఉత్తరాలు నూట పన్నెండు, అన్నీ క్షేమం. మా ఆయన పోయి పదహారేళ్ళు. ఆయన పిలుపు పోయి పది నెలలు.