దసరా గడువు

2011 సెప్టెంబరు 4, ఆదివారం, ఉదయం పదింబావుకు మేము ఆ ఇల్లు కొనడానికి బయానా ఇచ్చాం. జనగామలో నా గాజుల దుకాణానికి ఆరిళ్ల అవతల ఉన్న ఇల్లు అది. రెండు అర్రలు, వంటిల్లు, వెనక చేదబావి, ముందర రోడ్డు మీదికి ఒక షట్టర్. నాకు కావలసింది ఆ షట్టరే. అప్పటికి ఇరవై మూడేళ్లలో దుకాణాన్ని అద్దె గదుల మధ్య ఐదుసార్లు మోసుకున్నాను. ఒకరి కొడుకు పెళ్లికొచ్చాడు, గది కావాలన్నారు. ఇంకొకరు సెల్‌ఫోన్ల దుకాణానికి ఇచ్చుకున్నారు. సామాను మోసిన ప్రతిసారీ గాజులు పగులుతాయి. ఆ ఏడాది చివరికల్లా ఉన్న గది కూడా ఖాళీ చెయ్యాలని ఓనరు చెప్పేశాడు. అందుకే మా ఆయన రైల్వేలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ముట్టుకోకుండా ఉంచాం.

ఇల్లు అమ్మే ఆయనకు అదే వీధిలో ఎరువుల దుకాణం ఉంది. అది వాళ్ల అమ్మ చనిపోయేదాకా ఉన్న ఇల్లు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. మా వీధిలో తెలంగాణ మీటింగు ఏది జరిగినా మైకు ఆయన చేతిలోనే ఉండేది.

కరారు కాగితం మీద ‘దసరా లోపల రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, లేనిచో ఈ కరారు చెల్లదు’ అని రాయించాడు. సాక్షిగా వచ్చిన ఎదురింటి దర్జీ భాయ్ ఆ మాట దగ్గర ఆగాడు.

“దసరా ఎందుకన్నా, దీపావళి అని రాయి. జర ఖుల్లాగ, వదులుగుంటది.”

“ఎనిమిది దినాల పనికి దీపావళి దాక ఎందుకు భాయ్? నువ్వు జాకెట్టు కుట్టినట్టు ఇల్లు రాసిస్తననుకున్నవా?”

అందరం నవ్వాం. భాయ్ కూడా నవ్వి సంతకం పెట్టాడు.

రిజిస్ట్రేషన్‌కు సెప్టెంబరు 12, సోమవారం అనుకున్నాం. మరునాటి నుంచి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె, పైగా పెద్దలకు పెట్టే దినాలు మొదలు, వాటిలో మంచి పనులు పెట్టుకోరు. మా ఆయన, నేను పదిన్నరకల్లా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఉన్నాం. పదకొండుం ముప్పావుకు ఆయన ఫోన్ చేశాడు.

“అక్కా, నేను సమ్మె సభకు పోతున్న. లారీల ఉన్న.”

“రేపటి సంది ఆఫీసు బంద్ గద తమ్మీ?”

“బందయితే ఏమైతది? ఇల్లు లేచి యాడికన్న పోతదా? నా మాట ఉన్నది గద!”

సభకు పోతున్నవాణ్ణి ఏమంటాం? ఇంటికి వచ్చేశాం.

సమ్మెను నేనెప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. దుకాణం మూసి శిబిరంలో కూర్చున్నాను. రోడ్డు మీద వంటావార్పు చేసిన నాడు మూడు రాళ్లు పెట్టి అన్నం వండినవాళ్లలో నేనూ ఉన్నాను. సినిమాల్లో మా మాటను వెక్కిరిస్తుంటే విని ఊరుకున్న తరం మాది. దేవరుప్పుల నుంచి నన్ను కాపురానికి తెచ్చిననాటి నుంచీ వింటున్నది తెలంగాణ రావాలన్న కోరిక. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తాళం పడింది. పడనీ అనుకున్నాం.

సద్దుల బతుకమ్మ నాడు ఆ ఇంటి ముందరే బతుకమ్మలు పెట్టి ఆడాం. ఆట అయ్యాక ఎరువుల దుకాణం ఆయన భార్య నాకు వాయనం ఇచ్చింది. తమలపాకు మీద పసుపు కుంకుమ, సత్తుపిండి, వాటి మీద ఆ ఇంటి తాళంచెవి.

“ఇల్లు నీదే అక్కా. కాగితాలది ఆఫీసు తెరిచినంక చూస్కోవచ్చు. పండుగ పూట మా అత్త ఇల్లు చీకట్లుండొద్దు” అంది. ముప్పై మంది ఆడవాళ్లు విన్నారు.

మా వీధుల్లో వాయనంగా కొంగులో పడ్డది తిరిగి అడగరు. గుప్పెడు పిండయినా సరే. కాగితం కంటే అది గట్టిదని నేనే కాదు, ఆ ముప్పై మందీ అనుకున్నారు. భాయ్ భార్య కూడా “ముబారక్ అక్కా” అని నా చెయ్యి పట్టుకుంది. దసరా పొద్దున ఆ వంటింట్లో పాలు పొంగించాను. ఇల్లు అమ్మే ఆయనే వచ్చి రెండుసార్లు వడ్డించుకుని పాయసం తిన్నాడు. ఆ వారమే గోడలకు సున్నం వేయించాం. షట్టర్ గదిలో బల్లలు కొట్టించాం. గాజులన్నీ సైజుల వారీగా, రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది, సర్దుకున్నాను. పాత గది ఓనరుకు తాళం అప్పగించేశాం.

అక్టోబరు 24న ఉద్యోగులు సమ్మె విరమించారు. మరునాడు, మంగళవారం, మా ఆయన్ని వెంటబెట్టుకుని ఎరువుల దుకాణానికి పోయాను.

“ఆఫీసు తెరిచిన్రు తమ్మీ. ఎప్పుడు పోదాం?”

ఆయన బస్తాలు సర్దుతూ తల ఎత్తలేదు. “గడువు దాటింది గదక్కా.”

“ఏం గడువు?”

“కరారుల దసరా అని ఉన్నది. దసరా పోయి ఎన్ని దినాలాయె?”

మా ఆయన నెమ్మది మనిషి. రైలు పోయినా తొందరపడని రకం. ఆయనే అన్నాడు, “దసరా నాడు పాయసం తిన్నవు గద తమ్మీ, అప్పుడు గడువు యాదికి రాలేదా?”

“పాయసానికి, రిజిస్ట్రేషన్‌కు సంబంధమేందన్నా?”

సంగతి భాయ్ చెప్పాడు. తెలంగాణ ఇయ్యాల కాకుంటే రేపు వస్తుంది, జనగామలో జాగల ధరలు లేస్తాయి అని అప్పటికే అందరి నోటా ఉంది. భూపాలపల్లి దిక్కు బొగ్గు గనుల కింద భూమి పోయినాయన ఒకరు నష్టపరిహారం డబ్బుతో ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. మాకంటే సగం ధర ఎక్కువ చెప్పారు. ఆయన మీద నాకు కోపం లేదు. పొలం పోగొట్టుకున్న మనిషి ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. మాకు మాట ఇచ్చింది ఆయన కాదు.

పెద్దమనుషులను పిలిపించాం. రిలే దీక్షల టెంటులోనే కూర్చున్నారు. రిటైరైన పంతులు ఒకాయన పెద్దగా ఉన్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

“కాగితంల దసరా అనే ఉన్నదమ్మా.”

“సారూ, దసరా నాటికి ఆఫీసు యాడ తెరిచున్నది? తాళమున్న ఆఫీసుల నేనెట్ల రిజిస్ట్రేషన్ చేయించుకుంట?”

“అది నిజమే గని...”

“ఇంకోటి చెప్పు సారూ. సమ్మె చేసిన దినాలు నాగాల లెక్కల పట్టొద్దని ఆఫీసోళ్లు సర్కారును అడుగుతున్నరు. అడగాల్నే. వాళ్లకు లెక్కల రాని దినాలు నాకెట్ల లెక్కకొస్తయి? నేను గూడ గీ టెంటులనే కూసున్న గద!”

టెంటులో కొందరు తలలూపారు. అప్పుడు లేచాడు మా ఎరువుల దుకాణం తమ్ముడు. మైకు లేకున్నా మైకు ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

“అంటే ఏంది అక్కా? సమ్మెతోని నష్టమైందంటున్నవా? ఉద్యమాన్నే తప్పు పడుతున్నవా?”

ఊపిన తలలు ఆగిపోయాయి. ఆ ఒక్క మాటతో నా నోటికీ తాళం వెయ్యాలనుకున్నాడు.

“ఉద్యమాన్ని కాదు తమ్మీ, నిన్ను. సోమవారం నువ్వు సభకు పోయినవని నేను వాపసొచ్చిన. నా ఇల్లు గుంజుకునేటందుకు పోయినవని నాకు ఎర్కలేదు.”

“జబాన్ ఇచ్చిండు సాబ్, నేను సాక్షి” అని భాయ్ లేచాడు. “కాగితం మీద సంతకానికే సాక్షివి భాయ్, మాటకు కాదు” అన్నాడు పంతులు. నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన నోటి నుంచి వచ్చింది ఆ మాట. బయానా తిరిగి ఇప్పిస్తామని, వారంలో ఖాళీ చెయ్యాలని తేల్చారు. వాయనం మాట నేను ఎత్తితే, “అది ఆడోళ్ల ముచ్చటమ్మా” అని టెంటంతా నవ్వింది.

ఆడవాళ్ల ముచ్చట ఆడవాళ్లతోనే తేల్చుకుందామని వారం తర్వాత, సామాను బండికెక్కించాక, ఎరువుల దుకాణం ఆయన భార్యను పిలిపించాను. గడపకు అవతలే నిలబడింది. తాళంచెవి ఆమె ముందుకు చాపాను.

“నువ్వే ఇచ్చినవు చెల్లె, నువ్వే తీస్కో.”

ఆమె చెయ్యి చాపలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాతోని గాదక్కా. ఇచ్చినదాన్ని ఎట్ల తీస్కుంట? ఆయనకే ఇయ్యి.”

“ఆయన నాకు ఇయ్యలే గద. నువ్విచ్చినవు.”

ఏడుస్తూ వెళ్లిపోయింది. తాళంచెవి కిటికీ గూట్లో పెట్టి బయటికి వచ్చాను.

బయానా రూపాయి తగ్గకుండా తిరిగి వచ్చింది. అందుకని వీధిలో అందరూ, శిబిరంలో నా పక్కన కూర్చున్నవాళ్లు కూడా, నీకేం పోయిందమ్మా అని అడిగారు. ఇప్పటికీ అడుగుతారు. పోయినవి ఇవి.

గాజులు, పోనూ రానూ రెండు మోతల్లో కలిపి, ముప్పై ఒక్క డజన్లు. రెండు అర్రల సున్నం, వడ్రంగి కూలి, గోడకు దిగ్గొట్టడం వల్ల ఊడదీస్తే పనికిరాకుండా పోయిన బల్లలు. బజారుకు దగ్గరి గది దొరకక సందులోపల దుకాణం పెట్టుకుంటే తగ్గిన గిరాకీ, అది మళ్లీ కోలుకోలేదు. ఆ వీధిలో ఇల్లు కొనే తాహతు, ఎందుకంటే రెండేళ్లలో అక్కడి ధర మా డబ్బుకు రెండింతలైంది. చెల్లె అని పిలుచుకున్న ఒక మనిషి. ఒక షట్టర్, రెండు అర్రలు, వంటిల్లు, చేదబావి.