కారు ముక్కుకు కట్టిన బొంత

నేనొక కారును దాదాపు చంపిన సంగతి చెబుతాను. గుద్ది కాదు, ఎక్కడో పడేసి కాదు. నాకు సైకిలు తొక్కడమే రాదు. ఎంతో ప్రేమగా బొంత కట్టి చంపబోయాను. మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే కాదు, కారులో ఉన్న ఎవరూ నవ్వలేదు. అప్పటికి నేనింకా చిన్నదాన్ని, అరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు, లోకజ్ఞానం చాలలేదు.

సూరత్‌లో, లింబాయత్‌లో మా కాపురం. మా అబ్బాయి రాజేశం ఒక సేఠ్ దగ్గర సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. కార్ఖానా పైనున్న గది కూడా సేఠ్‌దే. అందులో నేను, రాజేశం, కోడలు పద్మ. కరోనా వచ్చి సాంచాలన్నీ ఆగిపోయాయి. ఆ టకటకలో ఏళ్ల తరబడి హాయిగా నిద్రపోయినదాన్ని, అది ఆగేసరికి నాకు కునుకు పట్టలేదు. చప్పుడు లేకపోతే కూడు లేదని ఒంటికి తెలుసు.

అటువంటి రోజుల్లో సేఠ్ తన తండ్రి కాలంనాటి కారును తెచ్చి మా కార్ఖానాలో పెట్టాడు. వాళ్ల బిల్డింగు కింద వాన నీళ్లు నిలుస్తాయట. ఎర్రటి పందెం కారు. గుండ్రటి లైట్లు, చదును వీపు. గుడ్లు మిటకరించి కూర్చున్న కప్పలా ఉంది.

ఏళ్ల తరబడి మావాళ్లతో పని చేయించి సేఠ్‌కు తెలుగు వచ్చింది. కాళ్లూ చేతులూ విరిగిన తెలుగే అయినా వచ్చింది.

"బా, ఈ గాడీ నా బాపూజీది," అన్నాడు. మా వయసు ఆడవాళ్లను వాళ్లు బా అంటారు. "ఇంజిన్ వెనక ఉంది. డిక్కీ ముందల ఉంది."

"ముందుండేది వెనక, వెనకుండేది ముందట పెట్టిండ్రా? కొన్నప్పుడు చూసుకోలే, సేఠ్?"

రాజేశం నా మోచేయి గిల్లాడు.

"దీనికి పానీ నై, బా. రేడియేటర్ నై. హవాతోనే ఠండా అయితది. వెనక జాలీ ఉంది గదా, ఆడికెళ్లి పంఖా హవా గుంజుతది."

నీళ్లు అడగని కారు! మా గల్లీలో బిందె నీళ్లకు బిందెలతోనే కొట్టుకుంటారు. ఆ ఒక్క గుణానికి నాకది నచ్చింది.

వారానికోసారి ఇంజిను వేయాలనీ, బాగా వేడెక్కేదాకా ఆపొద్దనీ, నూనె చూడాలనీ, చక్రాలు ఒకేచోట అణగకుండా కాస్త ముందుకూ వెనక్కూ జరపాలనీ రాజేశానికి చెప్పాడు. నాకు ఒకటే చెప్పాడు.

"చుహా, బా. ఎలుక. ఒక్క వైరు కొరికినా మళ్ల దొరకది."

తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాటన్నాడు. "కామ్‌రేజ్‌ల ఒకాయన ఈ గాడీ కొంటా అన్నడు. అమ్మితే ఆ పైసలతోని దారం తెస్త, సాంచాలు మళ్ల చాలూ చేస్త. లేకుంటే సాంచాలు తుక్కుకు పోతయ్."

ఆ మాట నా రొమ్ము మీద రుబ్బురోలులా కూర్చుంది. సాంచాలు తుక్కుకు పోతే రాజేశానికి పని లేదు, మాకు గది లేదు. అంటే మా ముగ్గురి బతుకూ ఆ కప్ప వీపు మీద ఉందన్నమాట.

ఇక కాపలా మొదలుపెట్టాను. అందరూ ఇళ్లలో దాక్కుంటే ఎలుకలు మాత్రం బజారంతా తమదే అన్నట్టు తిరిగేవి. పడుగుకు పెట్టిన గంజి వాసన వాటిని గల్లీ గల్లీ నుంచీ పిలిచేది. కర్ర పట్టుకుని కారు పక్కనే స్టూలు వేసుకున్నాను. పద్మ అన్నం అక్కడికే తెచ్చేది.

"అత్తమ్మా, మామ ఉన్నప్పుడు కూడ గింత కనిపెట్టుకోని ఉన్నవా?"

"మీ మామను ఎలుకలు కొరుకుతయా ఏంది? నువ్వు పో."

ఒకరోజు మధ్యాహ్నం రాజేశం నూనె చూసి, వెనక మూత దించి, రేషను కోసం లైనులో నిలబడడానికి వెళ్లాడు. వాడు గడప దాటాడో లేదో, పంది పిల్లంత ఎలుక ఒకటి వచ్చి కారు వెనక మూత మీద కూర్చుంది. ఇనుప జల్లెడలాంటి ఆ జాలీలోకి తొంగిచూసింది. నా వైపు చూసింది. గది అద్దెకు చూడడానికి వచ్చినవాళ్లు చూసినట్టు మళ్లీ లోపలికి చూసింది.

కర్ర విసిరాను. అది తాపీగా దిగిపోయింది. ఇక ఆగలేదు నేను. సాంచా చాలా రోజులు ఆగితే మా అత్త చేయించే పద్ధతి ఒకటుంది. సందు కనిపిస్తే చాలు, పాత నూలు బట్ట కుక్కాలి. నూలు చెమ్మ పీల్చుతుంది, దుమ్ము ఆపుతుంది. ఎలుక రాకుండా ఎండుకారం చల్లాలి. సాంచాకు చేసింది కారుకు చేయకూడదా?

నేను కప్పుకునే బొంత తెచ్చాను. నాలుగు నూలు చీరలు కలిపి కుట్టింది. వెనక మూత ఎత్తి, జాలీకి లోపలివైపు ఆ బొంత పరిచి, అంచులన్నీ దారంతో కట్టాను. మా నేతవాళ్ల ముడి సంగతి మీకు తెలియదేమో. సాంచా మీద ఎంత గుంజినా ఊడకూడదని వేసే ముడి అది. మిగిలిన సందుల్లో నూలు పీలికలు దట్టించాను. తలుపు తీసి, కాళ్ల దగ్గర గాలి వచ్చే రంధ్రాలు కనిపిస్తే వాటిలో దోసిలి నిండా గుంటూరు కారం పోశాను. నిజానికి కారం పోయడానికి చేయి రాలేదు, ధర అలా ఉంది. అయినా పోశాను.

పద్మ చూసింది. "గాలి పోవాల్నని సేఠ్ చెప్పిండు గదత్తమ్మా!"

"నడిచేటప్పుడు గదా గాలి? నిలబడ్డదానికి గాలెందుకు? ఊరంత ముక్కు మూసుకుంటున్నరు, దీని ముక్కు వెనకున్నది, వెనక మూసిన. నడిచేనాటికి తీస్త."

"మరి నీ కొడుకుకు చెప్పు."

"నువ్వు చెప్పకు. నేను చెప్త."

చెప్పాలనే అనుకున్నాను. నన్ను మెచ్చుకునే మాట వాడి నోటి నుంచి ఎలా వస్తుందో ఊహించుకుంటూ నిద్రపోయాను. బొంత లేక చలి పుట్టింది కానీ, ఎన్నో రోజుల తర్వాత నిద్ర పట్టింది.

తెల్లారేసరికి సేఠ్ గుమ్మంలో ఉన్నాడు. కొనేవాడు ఇవాళే రమ్మన్నాడట. రాజేశం పరుగున ముందు డిక్కీ ఎత్తి బ్యాటరీ తగిలించాడు. వెనక మూత తీయనేలేదు. నూనె నిన్ననే చూశాడు కదా.

"బా, నువ్వు గూడ రా. ఇన్ని దినాలు నువ్వే చూసినవ్. నీ చేతుల మీదనే పోనీ."

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. ఉతికిన చీర, కొత్త మాస్కు, పర్సు, దారాలు కోసే చిన్న కత్తెర. అన్నీ గుర్తు పెట్టుకుని తీసుకున్నాను. బొంత ఒక్కటే గుర్తు లేదు.

ముందు సేఠ్, రాజేశం. వెనక నేను. ఆ వెనక సీటు చేసినవాడు మనుషుల్ని చూసి చేయలేదు, సంచుల్ని చూసి చేశాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. రింగ్ రోడ్ దాటాం. కామ్‌రేజ్ దారి పట్టాం.

కాసేపటికి నా వీపు వెచ్చబడింది. తర్వాత కాలింది. జ్వరం! మాస్కు లోపల నా మొహం పాలిపోయింది. ఇంత కాలం తప్పించుకుని, ఈ రోజే, సేఠ్ కారులోనే పట్టుకుందా మాయదారి జబ్బు? చెబితే అమ్మకం ఆగిపోతుంది. చెప్పకపోతే వీళ్లిద్దరికీ అంటుకుంటుంది. ఊపిరి బిగబట్టి, మొహం కిటికీకి ఆనించి కూర్చున్నాను.

"ఏందమ్మా, గట్ల జేస్తున్నవ్?" అన్నాడు రాజేశం.

"ఏం లేదు. రోడ్డు చూస్తున్న."

అప్పుడు గుర్తొచ్చింది: ఈ జబ్బుకు వాసన తెలియదంటారు. మాస్కు జరిపి గట్టిగా పీల్చాను. వాసన వచ్చింది! నాకు జబ్బు లేదు! దేవుడా, నీకు కొబ్బరికాయ. మళ్లీ పీల్చాను. కాలిన వాసన. మేం నేతవాళ్లం దారాన్ని నిప్పుకు పెట్టి వాసన బట్టి రకం చెబుతాం. ఇది పాలిస్టర్ కాదు. కాగితం కాలినట్టుంది. నూలు. పాత నూలు. నా...

"సేఠ్! బండి ఆపు!"

"ఉల్టీయా, బా?"

"వాంతి కాదు! బొంత!"

సేఠ్ ముందున్న వేడి చూపే ముల్లు చూశాడు. పక్కకు తీసి ఇంజిను ఆపేశాడు. మూత ఎత్తగానే గుప్పున పొగ. జాలీకి నా బొంత, పూల పూల చీరలతో, పెళ్లిపందిరిలా కట్టి ఉంది. అడుగున పీలికలు అంచులు నల్లబడి రాజుకుంటున్నాయి.

"ఏ శు ఛే?" సేఠ్ తెలుగు మొత్తం ఒక్కసారిగా పోయింది. మళ్లీ వెతుక్కుని, "ఇది ఏంది?" అన్నాడు.

రాజేశం నా వైపు తిరిగాడు. "అమ్మా?"

"ఎలుక వచ్చింది బిడ్డా."

వాడు ముడులు విప్పబోయాడు. నా ముడి! ఊడుతుందా? వేళ్లు కాలి గంతులు వేస్తున్నాడు. నా చిన్న కత్తెరతో నేనే ఒక్కొక్క దారం కోశాను. కోస్తున్నది దారం కాదు, మా గది, మా పొయ్యి, రాజేశం పని. పీలికలన్నీ లాగి తొక్కి ఆర్పాం. అక్కడే ఎండలో, మూత ఎత్తిపెట్టి, ఇంజిను చల్లారేదాకా ముగ్గురం దూరం దూరంగా నిలబడ్డాం. సేఠ్ కారును చూస్తున్నాడు. రాజేశం సేఠ్‌ను చూస్తున్నాడు. నేను నేలను చూస్తున్నాను.

చివరికి సేఠ్ తాళం తిప్పాడు. ఒక దగ్గు దగ్గి, పాత సాంచాలాగే గడగడమని అందుకుంది. మంట పైకి పాకలేదు, ఏ గొట్టమూ కాలలేదు. నేను కళ్లు తుడుచుకున్నాను.

"బా, ఇంకా ఏమన్న పెట్టినవా? సచ్ బోలో."

"అంతే, సేఠ్. మా అత్త మీద ఒట్టు."

నిజంగానే గుర్తు లేదండీ. మా అత్త ఎప్పుడో పోయింది కాబట్టి ఒట్టు వల్ల నష్టం కూడా లేదు.

కామ్‌రేజ్‌లో కొనేవాడు తన ఇంట్లోంచి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు, మొహానికి అద్దం, చేతికి తొడుగులతో వచ్చాడు. తాళం చెవికి కూడా మందు కొట్టించుకున్నాకే పట్టుకున్నాడు. సేఠ్ పక్కన కూర్చున్నాడు. మేం బయట నిలబడ్డాం. ఇంజిను చప్పుడు విని తల ఊపాడు. లైట్లు చూశాడు, హారను చూశాడు. రాజేశం నా చేయి పట్టుకున్నాడు. అయిపోయింది, కొంటాడు అనుకున్నాను.

"హీటర్ చాలే ఛే?" అని, హీటరు నడుస్తుందా అని అడిగాడు. సూరత్‌లో హీటరు ఎందుకో ఆయనకే తెలియాలి. మీట లాగాడు.

ఇంజిను వేడి గాలి ఎక్కడి నుంచి వస్తుందో అప్పుడు తెలిసింది నాకు. నేను కారం పోసిన రంధ్రాల నుంచే.

మొదట ఎర్రటి పొగ కనిపించింది. తర్వాత సేఠ్ తుమ్మాడు. ఒకటి, రెండు, ఇక ఆగలేదు. తుమ్ము, దగ్గు, కళ్ల నీళ్లు. తలుపు తీయగానే ఆ గాలి మాకూ తగిలి నేనూ రాజేశమూ అందుకున్నాం. ముగ్గురం మూడు పక్కల నుంచి ఆ పెద్దమనిషి మీదికి తుమ్ముతున్నాం.

"కోరోనా!" అని ఒక్క అరుపు అరిచాడు. మొహం అద్దం ఒక పక్క, చెప్పు ఒక పక్క పడిపోయాయి. గేటు దాటి ఇంట్లోకి ఉరికాడు. లోపల గొళ్లెం పెట్టుకున్న చప్పుడు వినబడింది.

"మిర్చీ, భాయ్! మిర్చీ!" అని సేఠ్ తుమ్ముల మధ్య అరుస్తూనే ఉన్నాడు. తలుపు తెరుచుకోలేదు.

తిరుగు దారిలో నేను మనసులో సామాన్లు సర్దుకుంటున్నాను: ముందు రుబ్బురోలు అమ్మాలి, తర్వాత బీరువా. కార్ఖానా ముందు ఆగాక సేఠ్ స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ నవ్వుతున్నాడు.

"ఆడు ఉరికిండు, బా! చెప్పు ఇడిసి ఉరికిండు!" కాసేపటికి నవ్వు ఆపి స్టీరింగును చేత్తో తుడిచాడు. "బాపూజీ గాడీ. అమ్మ బుద్ధి గాలే నాకు. కొనద్దు, కొనద్దు అని దిల్‌ల అనుకున్న."

"మరి సాంచాలు, సేఠ్?" అడిగాడు రాజేశం.

"కొత్త గాడీ అమ్ముత. ఏసీ లేకుంటే సావను నేను. ఇది ఉంటది."

అన్నట్టే ఇంట్లో ఉన్న తెల్లటి కొత్త కారు అమ్మి దారం తెచ్చాడు. సాంచాలు టకటకమన్నాయి, నాకు కునుకు పట్టింది. ఇప్పుడు సేఠ్ ఆ ఎర్ర కప్ప ముందు డిక్కీలో చీరల మూటలు వేసుకుని రింగ్ రోడ్ బట్టల బజారుకు వెళ్తాడు. కారు రాత్రిళ్లు మా కార్ఖానాలోనే ఉంటుంది. కాపలా ఇప్పటికీ నాదే. ఒక్కటే షరతు: దాని దగ్గరికి వెళ్లే ముందు చేతులు చాచి, కొంగు దులిపి చూపించాలి.

"ఖాలీ, బా?"

"ఖాలీ, సేఠ్."

కాబట్టి, బతికుండగానే సగం కాలిన నా బొంత మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: మనిషిది కానీ, బండిది కానీ, అడగకుండా ఇంకెవరి ముక్కూ మూయను.

అయినా ఒక్క మాట. ఆ కారులో ఇవాళ్టికీ ఎలుక కొరికిన వైరు ఒక్కటి లేదు. ఆ సంగతి మాత్రం ఒక్కడూ ఎత్తడు.