గుమ్మం తెరకు చివరి పేట

ఆ ఇంటి వీధి గుమ్మానికి ఏడాదిలో నాలుగు తెరలు మారేవి. ఎండాకాలానికి పలచని పచ్చగుడ్డ పీలికలు. వాటిని తడిపి వేలాడదీస్తే లోపలికి వచ్చే గాలి కాస్త చల్లబడేది. వానాకాలానికి చిరిగిన గొడుగుల గుడ్డతో కత్తిరించిన చేపలు. ఆకు రాలే కాలానికి ఎండిన కాయలు, గింజలు. చలికాలానికి పరుపుల్లో మిగిలిన దూదిని చుట్టి చేసిన బంతులు. వీటన్నిటిలో డబ్బు పెట్టి కొన్నది దారం ఒక్కటే. చేసే మనిషి సోఫాలకు, కుర్చీలకు గుడ్డ తొడిగే దుకాణంలో కుట్టుపని చేసేది. అక్కడి మేస్త్రీ నోటినిండా చిన్న మేకులు పెట్టుకునే మాట్లాడేవాడు. ఆ భాష ఆమెకు తప్ప ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. వీధిలో వాళ్ళు ఆమెను గుమ్మాలత్త అనేవారు.

ఎదురింట్లో ఉండే పోస్టాఫీసు ఆవిడ స్కూటరు బయటికి తీస్తూ రోజూ ఇటు ఒక చూపు విసిరేది. "వదినా, చేపలు దించేశారు. ఇక గొడుగు అటకెక్కించొచ్చా?" అని అడిగేది. "రెండు రోజులు ఆగండి. చేపల మాట మబ్బులు వినవు," అనేది గుమ్మాలత్త.

ఇల్లు ఆమెది కాదు, అన్న కొడుకుది. భర్త పోయాక ఆమె కొన్నాళ్ళు అక్క ఇంట్లో, కొన్నాళ్ళు మరిది ఇంట్లో ఉంది. ఎక్కడా ఎవరూ ఆమెను పొమ్మనలేదు. అలాగని ఉండమన్నవారూ లేరు. లిఫ్టులు బాగుచేసే ఈ మేనల్లుడు మాత్రం పెట్టె స్వయంగా మోసుకొచ్చి, గడప దాటకముందే ఒక మాట అన్నాడు. "అత్తా, ఈ గుమ్మం నీది. లోపలిదంతా మా ఆవిడది. నేను ఎక్కడో ఓ మూల సర్దుకుంటాను." అతడు నవ్వులాటకే అన్నాడు. ఆమె మాత్రం దాన్ని ఒప్పందంగా తీసుకుంది. గుమ్మం కళకళలాడుతున్నంతకాలం తనకు ఆ ఇంట్లో చోటు ఉంటుందని, అది బోసిపోయిన నాడు తన పెట్టె అందరి కంట్లో పడుతుందని ఆమెకు లోలోపల ఒక బెదురు ఉండేది. ఆ బెదురు సంగతి ఎవరికీ తెలియదు. తెరల అందం మాత్రం అందరికీ తెలుసు.

ఆకు రాలే కాలపు తెరకు ఆమె గురివింద గింజలు వాడేది. దుకాణం వెనక కంచె మీద ఆ తీగ అల్లుకుని ఉంది. కాయలు ఎండి, మెలితిరిగి, నోరు తెరిచేసరికి లోపల ఎర్రని గింజలు, ఒక్కోదానికి ఒక నల్లని చుక్క. వాటి పెంకు గాజుపూసలా గట్టిగా, నున్నగా ఉంటుంది. సూది మోపితే జారి వేలిని పొడుస్తుంది. అందుకని దుకాణంలో పూర్వం పరుపులు కుట్టిన ముసలమ్మ ఒక పద్ధతి నేర్పింది. గింజలను చాలాసేపు ఉడకబెట్టాలి; పెంకు మెత్తబడ్డాక, వేడి ఆరకముందే గుచ్చాలి. "గురివింద విషమంటారు కదా?" అని గుమ్మాలత్త అప్పట్లో అడిగింది. "ఉడికినదానికి ఇంకా పౌరుషం ఎక్కడిదే?" అంది ముసలమ్మ. ఆ మాటలో నిజం ఎంతో గుమ్మాలత్త ఎవరినీ అడిగి తెలుసుకోలేదు. కానీ ఉడకబెట్టడం ఏ ఏడూ మానలేదు.

ఆ ఏడు ఇంట్లో ఒక కొత్త లెక్క వచ్చి చేరింది. మేనల్లుడి కూతురు గోడ పట్టుకుని నిలబడడం నేర్చింది. పిల్లను ఇంట్లో పిడుగు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినందుకు ఎవరూ పశ్చాత్తాపపడలేదు. పిల్ల తల్లి కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేసేది. తక్కువ మాటల మనిషి. కొత్త తెర కట్టిన నాడు ఆమె గుమ్మంలో ఆగి, ఒక పేటను చేత్తో పట్టి లాగి చూసింది.

"అత్తయ్యగారూ, ఇది కొంచెం పైకి కట్టండి. దానికి ఏది అందితే అది నోట్లోకే."

"అలాగేనమ్మా," అని గుమ్మాలత్త పేటలన్నిటినీ నడుము ఎత్తుకు కత్తిరించి ముడి వేసింది.

పిల్లకు అందదు, అంతవరకు బాగానే ఉంది. కానీ తెర చూపులకు మొండిగా తేలింది. మర్నాడు ఎదురింటావిడ స్కూటరు ఆపి మరీ చూసింది. "ఏంటి వదినా, ఈసారి గుమ్మానికి పొట్టి లాగు తొడిగారు?" గుమ్మాలత్త కూడా నవ్వింది. ఆ నవ్వు ముల్లులా లోపలే విరిగి ఉండిపోయింది.

ఆ మరుసటి రోజు దుకాణానికి సెలవు. మేనల్లుడూ కోడలూ పనులకు వెళ్ళాక ఆమె మిగిలిన గింజలు తీసి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. నీళ్ళు వెచ్చబడకముందే మంట నీలంగా ఒక్కసారి ఎగిరి ఆరిపోయింది. సిలిండరు ఖాళీ. కొత్తది మర్నాటికిగాని రాదు. ఆమె కాసేపు పొయ్యి వంక చూస్తూ నిలబడింది. తర్వాత కొవ్వొత్తి వెలిగించి, లావుపాటి సూదిని కాల్చి, పచ్చి గింజలకు ఒక్కొక్కదానికే చిల్లు పెట్టింది. చుయ్యిమని కమురు వాసన వచ్చింది. సూది దిగింది. పని జరిగింది. ఆ గింజలతో చివరి పేటలు గుచ్చి, నడుము ఎత్తున ఆగిన తెరకు కింద అతుకుగా కట్టింది. ఇప్పుడు తెర మోకాళ్ళ దాకా వచ్చి నిండుగా వేలాడింది. సాయంత్రం కోడలు వచ్చేలోపు పిల్లను కనిపెట్టుకుని తానే ఉంటుంది కదా అనుకుంది. సాయంత్రం తర్వాత ఏమిటన్నది ఆలోచించలేదు.

మధ్యాహ్నం పిల్ల గిన్నెల మూతలతో ఆడుకుంటుంటే, ఆరిన బట్టలు తీయడానికి ఆమె పెరట్లోకి వెళ్ళింది. చేతినిండా బట్టలు తీసుకుంటుండగా వీధి గదిలో గచ్చు మీద వడగళ్ళు పడ్డట్టు చప్పుడైంది.

బట్టలు ఎక్కడ పడేసిందో ఆమెకు తర్వాత కూడా గుర్తు రాలేదు. పిల్ల గడప దగ్గర చతికిలబడి ఉంది. చుట్టూ ఎర్రని గింజలు. దవడలు ఆడుతున్నాయి, చేదు తగిలినట్టు మొహం చిట్లించింది. గుమ్మాలత్త పిల్ల నోట్లో వేలు పెట్టి నాలుక కింద, చిగుళ్ళ వెనక వెతికి, చిక్కినదాన్ని బయటికి లాగింది. సగం పెంకు. అంచు మీద సూది కాల్చిన నల్లని చిల్లు. లోపల ఉండవలసిన పప్పు లేదు.

పిల్ల ఆ వేలిని కొరికి నవ్వింది. గుమ్మాలత్త ఆ సగం పెంకును రుమాల్లో చుట్టుకుని, పిల్లను ఎత్తుకుని ఎదురింటి తలుపు కొట్టింది.

"ఎక్కండి వదినా. ఏమైందో దారిలో చెబుదురు," అంది భోజనానికి ఇంటికొచ్చిన పోస్టాఫీసు ఆవిడ, తాళం చెవి అందుకుంటూ. స్కూటరు మీద ఎదురుగాలికి పిల్ల కేరింతలు కొట్టింది. ప్రతి కేరింతకూ గుమ్మాలత్త ఉలిక్కిపడి పిల్ల పెదవుల రంగు చూసుకుంది.

ఆసుపత్రిలో యువ డాక్టరు పెంకును వెలుతురుకు పట్టి చూశాడు. విషయం దాచకుండా చెప్పాడు. గింజను నమలకుండా మింగితే చాలావరకు అది ఎలా వెళ్ళిందో అలాగే బయటికి వచ్చేస్తుంది. పెంకు పగిలితేనో, చిల్లుపడితేనో లోపలి విషం ఒంటికి ఎక్కుతుంది. అది వెంటనే కనబడదు. గంటలు పట్టవచ్చు, ఒక్కోసారి రోజు దాటవచ్చు. "దీనికి విరుగుడు లేదమ్మా. కడుపులో విషాన్ని పీల్చుకోవడానికి బొగ్గు మందు తాగిస్తాం. తర్వాత ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి, కనిపెట్టుకుని ఉండాలి."

బొగ్గు మందు సగం పిల్ల కడుపులోకి, సగం నర్సు తెల్ల కోటు మీదికి వెళ్ళింది. "మీ మనవరాలు నాకు మసి పూసింది మామ్మగారూ," అని నర్సు నవ్వింది. పిల్ల నల్లని నోటితో చుట్టూ చూసి చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు ఏమీ కాలేదని ఎవరైనా అనుకుంటారు. గుమ్మాలత్తను వణికించింది అదే.

కాసేపటికి మేనల్లుడు గ్రీజు చేతులతోనే పరుగున వచ్చాడు. అతడి వెనకే కోడలు. ఆమె ముందు పిల్లను తల నుంచి పాదాల దాకా తడిమి చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"పైకి కట్టారు కదా అత్తయ్యగారూ?"

"కట్టానమ్మా," అంది గుమ్మాలత్త. అది అబద్ధం కాదు, మొన్న కట్టింది. నిజమూ కాదు.

"ఎలాగో అందుకుని ఉంటుంది, అది సామాన్యురాలా," అని మేనల్లుడు డాక్టరు వైపు తిరిగాడు. "అయినా సార్, మా అత్త ఏ గింజనైనా బాగా ఉడకబెట్టందే సూది దించదు. మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను."

డాక్టరు మొహంలో బిగువు కొంత సడలింది. "ఉడకబెట్టారా? ఎంతసేపు?"

"పొయ్యి మీద పెట్టిందంటే పూటంతా ఉడకాల్సిందే," అన్నాడు మేనల్లుడే.

"అలా అయితే కొంత నయం. వేడికి ఆ విషం చాలావరకు చెడిపోతుంది. పూర్తిగా అని నేను హామీ ఇవ్వలేను." అతడు వార్డు వైపు చూశాడు. జ్వరాల కాలం, ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలున్నారు. "పాప హుషారుగా ఉంది. ఇల్లు దగ్గరే అయితే తీసుకెళ్ళి చూసుకోండి. వాంతి అయినా, డీలాపడినా వెంటనే తీసుకురండి."

మేనల్లుడు గట్టిగా ఊపిరి వదిలాడు. కోడలు పిల్లను భుజాన వేసుకుంది. గుమ్మాలత్త గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఇప్పుడు చేయవలసిందల్లా ఊరుకోవడమే. ఊరుకుంటే అందరూ కలిసి ఇంటికి వెళతారు. గుమ్మం ఉంటుంది, పెట్టె ఉంటుంది, 'మా అత్త' అన్న ఆ మాటా ఉంటుంది. పిల్ల నిద్రపోతుంది. నిద్రలో పిల్ల డీలాపడితే అది నిద్రో కాదో ఎవరు చెప్పగలరు? తనకు తెలిసింది ఆ డాక్టరుకు తెలియదు. ఆ గదిలో తనకొక్కదానికే తెలుసు. ఆమె గోడను వదిలి డాక్టరు ముందుకు వచ్చింది.

"ఉడకబెట్టలేదు," అంది.

గొంతు ఆమెకే వినబడలేదు. ఇంకోసారి చెప్పింది. "పిల్ల నమిలింది ఉడకబెట్టిన గింజ కాదు సార్. పచ్చిది."

"అదేంటత్తా? నువ్వెప్పుడూ…"

"గ్యాసు అయిపోయింది. సూది కాల్చి గుచ్చాను. ఇవాళ పొద్దున. పైకి కట్టినదాన్ని కిందికి పొడుగు చేసింది వాటితోనే."

కోడలు కేకలు వేయలేదు. కేకలు వేసి ఉంటే బాగుండునని గుమ్మాలత్తకు అనిపించింది.

"పైకి కట్టమని చెప్పాను."

"చెప్పావమ్మా."

"ఇప్పుడూ అడిగాను."

"అడిగావు."

కోడలు మొహం తిప్పుకుని డాక్టరుతో అంది: "మంచం లేకపోతే ఆ బల్ల మీద కూర్చుంటాం. మేం ఇంటికి వెళ్ళం."

డాక్టరు అప్పటికే నర్సును పిలుస్తున్నాడు. పిల్ల చేతికి అట్టముక్క కట్టి సెలైన్ సూది పెట్టారు. అప్పుడు పిల్ల ఏడ్చిన ఏడుపు నడవా చివరి దాకా వినబడింది.

పొద్దువాలే వేళకు మొదటి వాంతి అయింది. తర్వాత లెక్క తప్పింది. దీపాలు పెట్టేసరికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెడితే అక్కడే పడి ఉన్నాయి. నర్సు సెలైన్ సీసా మారుస్తూ, "సూది ముందే పెట్టడం మంచిదైంది. ఒళ్ళు ఇలా ఎండిపోయాక నరం దొరకదు," అని తనలో తాను అనుకున్నట్టు అంది. ఆ మాట విని కోడలు ఒకసారి తల తిప్పి తలుపు వైపు చూసింది. మళ్ళీ పిల్ల వైపు తిరిగింది.

గుమ్మాలత్త తలుపు బయట బెంచీ మీదే ఉండిపోయింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె అడగలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వచ్చేవాళ్ళ మొహం చూడడానికి భయపడి, కాళ్ళు చూసేది. తొందరగా నడిచే కాళ్ళైతే కళ్ళు మూసుకునేది.

మర్నాడు మేనల్లుడు టీ తెచ్చి పక్కన కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"తాగత్తా."

"ఒరే, నన్ను అక్క ఇంటికి పంపించేస్తావా?"

"ముందు టీ తాగు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి ఉండగా, మనం దిగాల్సింది ఏ అంతస్తులో అని అడిగితే నేనేం చెప్పను?"

అతడు నవ్వించడానికి అనలేదు. ఆమె టీ తాగింది; రుచి తెలియలేదు.

లిఫ్టు కదలడానికి ఇంకా సమయం పట్టింది. మొదట వాంతులు తగ్గాయి, తర్వాత విరేచనాలు. ఒక ఉదయం పిల్ల సీసా పాలు తాగి, అవి కడుపులో నిలిచాక, నర్సు టోపీ లాగింది. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు సరిగానే ఉన్నాయని, ఇక తీసుకెళ్ళవచ్చని డాక్టరు చెప్పాడు. కోడలు ఆ మాటను అతడితో రెండోసారి చెప్పించుకుంది.

మేనల్లుడు బిల్లు కట్టడానికి వెళ్ళాడు. కోడలు పిల్లను చంకన వేసుకుని నడవాలోకి వచ్చి బెంచీ ముందు ఆగింది. ఇన్నాళ్ళలో ఆమె గుమ్మాలత్తతో మాట్లాడడం అదే మొదలు.

"ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయి అత్తయ్యగారూ? మీ పెట్టెలో, మంచం కింద, డబ్బాల్లో. గుండీలు, పూసలు, సూదులు, గింజలు. అన్నీ నాకు చూపించాలి."

"అన్నీ చూపిస్తానమ్మా. చూపించి అక్క ఇంటికి…"

"మీరు వెళ్ళిపోతే ఎక్కడేం పెట్టారో నాకెలా తెలుస్తుంది?" అంది కోడలు. ఆ గొంతులో క్షమ లేదు, కోపమూ లేదు, పని ఉంది. "నేను మందులు తీసుకురావాలి. ఎత్తుకోండి."

గుమ్మాలత్త చేతులు లేవలేదు. వాటిని ఒడిలో పెట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది. "నా చేతికి వద్దమ్మా."

"కౌంటరు మూసేస్తారు. ఎత్తుకోండి," అని కోడలు పిల్లను ఆమె ఒళ్ళో కూర్చోబెట్టి, చీటీ పట్టుకుని నడిచింది. మలుపు దగ్గర ఒకసారి ఆగి వెనక్కి చూసి, వెళ్ళిపోయింది.

పిల్ల మునుపటికంటే తేలిగ్గా ఉంది. కుడి గుప్పిట గట్టిగా మూసుకుని ఉంది. "ఏది, మామ్మకు చూపించు," అంటూ గుమ్మాలత్త చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు ఒక్కొక్కటే విప్పింది. లోపల చెమట తప్ప ఏమీ లేదు. పిల్ల ఇదేదో ఆట అనుకుని నవ్వి గుప్పిట మళ్ళీ మూసింది. ఖాళీ అని తెలిసి కూడా ఆమె మళ్ళీ విప్పి చూసింది.