మైకులో నేను మార్చిన మాట

ఇరవై రెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున మాకు ఐసు ఫ్యాక్టరీ ఉండేది. మా ఐసు తీసుకున్న పడవవాళ్ళు చేపను మాకే, నాన్న చెప్పిన రేటుకే ఇవ్వాలి. దాన్ని మేము పెద్దరికం అనుకున్నాం. ఇరవై రెండేళ్ళ కిందట జాలరిపాలెం ఎదురుతిరిగింది. చేప మాకివ్వాలో మానాలో తేల్చుకోవడానికి ఒక ఆదివారం పొద్దున కూర్చోవాలనుకున్నారు.

శనివారం సాయంత్రం, నేను తిరిగే ఫిల్మ్ సొసైటీ మిత్రులు మా ఖర్చుతో పాలెంలో తెర కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలో తీసిన సినిమా. అందులో ఉన్నది నటులు కారు, నిజం జాలర్లే. ఒక ముసలామె దళారి చేతిలోంచి చేపల గంప లాక్కుని, "నీళ్ళమీదకు పోయేది మా పిల్లలు. రేటు మేం చెబుతాం" అంటుంది. తెలుగు మాటలు మైకులో చదివే పని నాది. కాగితం చేతిలోనే ఉంది. నేనేం చదివాను? "తప్పయిపోయింది అయ్యా, ఈసారికి మన్నించండి."

సినిమా అయ్యాక నాగరత్నం నా దగ్గరకొచ్చింది. పాలెంలో మాకు ఎదురు మాట్లాడిన మొదటి మనిషి ఆమే.

"చిన్నబాబూ, ఆ ముసల్ది నిజంగా మన్నించమనే అందా?"

"అవును."

"గంప లాక్కున్న మనిషి మొగం అట్టా లేదే."

"కాగితంలో అదే ఉంది."

"ఆ సముద్రం కాడ కూడా ఐసు మీ నాన్నే ఇస్తాడా ఏంది?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "అక్కడా అంతేనన్నమాట. ఇంక మేమెంతలే బాబూ."

ఆదివారం ఆమె నోరు విప్పలేదట. సోమవారం గంపలన్నీ మా వాకిట్లోకే వచ్చాయి.

నాన్న చెయ్యమన్నాడా? లేదు. ఎవరూ చెప్పకుండానే చేశాను; అదే ఒళ్ళు మండే సంగతి. ఆ ఇటలీ పేదలను చూసి చీకట్లో కళ్ళు తుడుచుకున్న మా మిత్రుల మీద మండుతుంది, ముందు వరసలో చాపమీద కూర్చున్నవాళ్ళు ఏం విన్నారో ఒక్కడూ పట్టించుకోలేదు కాబట్టి. వాళ్ళను అనడానికి నేనెవరిని? ఫ్యాక్టరీ పోయింది, ఇల్లు పోయింది. ఇప్పటికీ వెన్ను వంచకుండా నడుస్తాను. ఏం చూసుకుని?

పోయిన నెల సొసైటీవాళ్ళ సంచికలో, జాలర్లకు ప్రపంచ సినిమా చూపించిన కుటుంబం అని మా గురించి రాశారు. చదివి చించేశాను.

నాగరత్నం అప్పటికే పోయింది. ఆ ముసలామె తలవంచిందనే నమ్మి పోయింది. మన్నించడానికి ఆమె లేదు. ఆమె బదులు మన్నించే హక్కు మీకూ లేదు. ఇన్నాళ్ళూ దాచాను. ఇక దాచలేను. మీరు చదివేశారు.