గులాబీ సోంపు పంచిన మార్తమ్మ గారు

నిన్న ఒంగోలులో భోజనం చేసి బయటికి వస్తూ, గల్లాపెట్టె దగ్గరి గిన్నెలోంచి రంగు సోంపు కొంచెం నోట్లో వేసుకున్నాను. పంచదార పూత పగిలి ఆ ఘాటు ముక్కుకెక్కగానే మా హెడ్ నర్సు మార్తమ్మ గారు గుర్తొచ్చి, నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తొంభైల చివర్లో, చిలకలూరిపేట దగ్గర ఒక చిన్న ఆసుపత్రి కాన్పుల వార్డులో నాకది మొదటి ఉద్యోగం. ఆవిడ వయసులో ఉండగా హాలండులో నర్సుగా పనిచేసి వచ్చారు.

మగపిల్లాడు పుడితే వార్డంతా మిఠాయిలే. ఆడపిల్లయితే, తప్పేదో నేనే చేసినట్టు తలుపు వారగా నిలబడి బయటున్న వాళ్ళకి ఆ కబురు గొణిగేదాన్ని. ఒకరోజు ప్రత్తిపాడు నుంచి వచ్చిన సుగుణకు మూడోసారీ ఆడపిల్లే పుట్టింది. అత్తగారు సంచి సర్దడం మొదలుపెట్టింది. సుగుణ గోడవైపు తిరిగి పడుకుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా చూడదు, పాలివ్వదు. నేను ఉయ్యాల ఊపుతూనే ఉన్నాను.

మార్తమ్మ గారు మాత్రం పక్కన రస్కులు, వెన్న పెట్టుకుని తాపీగా కూర్చుని రంగురంగుల సోంపు పొట్లంలోంచి గులాబీ గింజలు ఏరుతున్నారు.

"ఆ రస్కులకి వెన్న రాయమ్మా," అన్నారు.

"ఇప్పుడివెందుకు సిస్టర్?"

"హాలండులో ఆడపిల్ల పుడితే చూడవచ్చినవాళ్ళకి వెన్న రాసిన రస్కు మీద గులాబీ సోంపు చల్లి పెడతారు. గులాబీ రంగుని వాళ్ళు రోజ అంటారు. బాలింత సంతోషంగా ఉంటే, రోజ మబ్బు మీద ఉందంటారు. మన సుగుణని ఎక్కించొద్దూ?"

వెన్న మీద గింజలు చల్లి, వార్డంతా పంచి, అత్తగారి ముందు నిలబడ్డారు.

"మనవరాలు పుట్టింది, నోరు తీపి చేసుకోండి."

"మూడో ఆడపిల్లకి తీపేంటమ్మా," అంటూనే ఆవిడ మొహమాటానికి రస్కు అందుకుంది. అందుకుని, అలవాటు కొద్దీ టీ గ్లాసులో నిండా ముంచింది. వెన్న పైకి తేలింది, సోంపు అడుక్కి పోయింది.

"దీని దుంప తెగ, రంగంతా టీలోకి దిగిపోయిందే," అంది.

చూస్తే ప్రతి మంచం దగ్గరా అందరూ అదే పని చేసి గ్లాసుల్లోకి చూస్తున్నారు. వార్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. సుగుణ భుజాలు అదురుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

అత్తగారు వేలితో గింజలు తీసుకుంటూ, "పత్తి పువ్వూ ఇంతేనమ్మా. పూసిన రోజు తెల్లగా ఉంటది, మర్నాటికి ఈ రంగే. రంగు తిరిగాకే కాయ," అంది. గ్లాసు పక్కన పెట్టి, "ఆ పిల్లనిలా తే," అని తనే తీసుకెళ్ళి కోడలి రొమ్ముకి అందించింది. సుగుణ బిడ్డని దగ్గరికి లాక్కుంది. నేను గంతెయ్యడం ఒక్కటే తక్కువ.

నేను గొణిగిన కబురు విని సుగుణ భర్త ఇంకా వరండాలో తలవంచుకునే కూర్చున్నాడు. "వెళ్ళి ఆ అబ్బాయికి మళ్ళీ చెప్పు. ఈసారి గట్టిగా," అన్నారు మార్తమ్మ గారు. చెప్పాను. వరండా అంతా తిరిగి చూసింది, అతను లేచి నిలబడ్డాడు.

ఇప్పుడు నేనూ హెడ్ నర్సునే. ఏ పనైనా కొత్త నర్సు పిల్లలకి అప్పగిస్తాను గానీ, ఆడపిల్ల పుట్టిందన్న కబురు మాత్రం ఇంకెవరినీ చెప్పనివ్వను. అది నాది.