ఫైల్లో తలుపు తీసి ఉంది

నేనూ నా స్నేహితుడూ కలిసి ఒక పుస్తకం చేశాం. కథల పుస్తకం కాదు, ఆట పుస్తకం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు అందులో మనుషులవుతారు, ఏం జరిగేదీ పాచికలు తేలుస్తాయి. ఊరి పటం, అందులోని ఇళ్లు, ఆట నియమాలు అన్నీ పుస్తకంలో ఉంటాయి. మహబూబ్‌నగర్‌లో నా కిరాయి గదిలో ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేది. ఇంటి ఓనరమ్మ మేం పేకాట ఆడుతున్నామనే చివరిదాకా నమ్మింది.

నేను ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాణ్ణి. నా స్నేహితుడు ఒక ప్రింటింగ్ షాపులో కంప్యూటర్ మీద పెళ్లి పత్రికలు కూర్చేవాడు. కట్టంగూర్ దగ్గరి పల్లెలో వాళ్లమ్మ ఇప్పటికీ చీరలు నేస్తుంది. పుస్తకంలో రాత నాది, బొమ్మలూ పేజీల కూర్పూ అతనివి. ఆటంతా ఒకే ఊళ్లో జరుగుతుంది. ఊరివాళ్లు పనికోసం వలస పోయారు, ఇళ్లకు తాళాలు పడ్డాయి, దారి తప్పినవాళ్లు అక్కడికి వస్తారు. ఇరవై రెండు ఇళ్లు గీశాడు, ఏ తాళానికి ఆ తాళం వేరుగా గీశాడు. "ఒకటి గీసి అన్నిటికీ అతికించెయ్‌రా" అంటే, "ఎవల తాళం వాళ్లదే" అన్నాడు.

అచ్చు పుస్తకానికి మూడు వందల యాభై రూపాయల ధర పెట్టాం. దాని మీద గొడవ లేదు. బరువుంది, వాసన ఉంది, చేత్తో పట్టుకున్నవాడు బేరమాడకుండా ఇచ్చాడు. గొడవంతా ఫోన్లో చదువుకునే ఫైలు దగ్గరే వచ్చింది. కాగితం లేదు, సిరా లేదు, బస్సులో మోసే పని లేదు కాబట్టి యాభై చాలన్నాను.

"కాయితం పైసలు తీసెయ్యి, అచ్చు పైసలు తీసెయ్యి, నేనొద్దన్ననా?" అన్నాడు. "మిగిలింది మన పని. అది ఫోన్ల చూస్తె తగ్గుతదా? నూట యాభై పెట్టు."

"ఎవడు కొంటడురా? ఒకడు కొని పదిమందికి పంపుతడు."

"దొంగతనం చేసెటోడు యాభై పెట్టినా చేస్తడు. వాని కోసం మన పనిని మనమే తగ్గించుకోవాల్నా?"

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పినవాడి మీద వచ్చే పాడు కోపం. "అంతా అచ్చు కోసం చేసిన పనే గదా, ఫైలుకు కొత్తగ ఏం చేసినవ్?" అనేశాను.

"మా అమ్మ చీరెను చూసి మర మగ్గం మీద దించి అగ్గువకు అమ్మెటోళ్లు గూడ గిదే అంటరు" అని లేచి వెళ్లిపోయాడు.

రెండు వారాల తర్వాత ఫైలు పంపాడు. "తప్పులు దిద్దిన. పెట్టు" అని ఒక్క ముక్క రాశాడు. నేను తెరిచి చూడలేదు. అతన్ని అడగనూ లేదు. యాభై అని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేశాను. ఆ ఆదివారం అతను రాలేదు, ఆపైన ఏ ఆదివారమూ రాలేదు. అలిగాడు, వస్తాడులే అనుకున్నాను. నాలుగు నెలలు అలా అనుకుంటూనే ఉన్నాను. కామెర్లు ముదిరి దవాఖానలో ఉన్నాడని తెలిసి బయల్దేరితే, బస్సులో ఉండగానే పోయాడని ఫోనొచ్చింది. చెప్పాలనుకున్న మాటలు దారి పొడుగునా నోట్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఫైలు అమ్ముడైనప్పుడల్లా ఫోన్ చిన్నగా మోగేది. క్లాసులో మోగేది, కూరగాయల బండి దగ్గర మోగేది. మోగినప్పుడల్లా "కొత్తగ ఏం చేసినవ్" అన్న నా గొంతే నాకు వినపడేది. నేను దయ్యాలకు భయపడే మనిషిని కాను. నా గొంతుకే భయపడ్డాను.

ఒకరోజు తిరుమలగిరి నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు. "అన్నా, మేం ఆడుతుంటె పదిహేడో ఇంట్లకు పోయినం. మగ్గం చప్పుడు ఇనొస్తాంది గని మనిషి కనవడ్తలేడు. ఇంక ముందుకేమన్న ఉన్నదా?"

నేను రాసిన నియమాల్లో పదిహేడో ఇంటి తాళం తెరుచుకోదు, లోపలికి ఎవరూ పోలేరు. అచ్చు పుస్తకం తీసి చూశాను, తాళం వేసే ఉంది. మీరేదో కల్పించుకున్నారని రాస్తే, ఆ పేజీ ఫోటో పంపారు. అప్పుడు, మొదటిసారి, నేను అమ్ముతున్న ఫైలును నేను తెరిచాను.

పదిహేడో ఇంటి తలుపు తీసి ఉంది.

దాని వెనక రెండు కొత్త పేజీలున్నాయి. లోపల గుంట మగ్గం, నేసేవాళ్లు నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది. చీర కోసేశాక కూడా మగ్గానికి పాత పోగుల కొసలు వదిలిపెడతారు, కొత్త పడుగును, అంటే చీర నిలువు పోగులను, ఒక్కొక్కటిగా వాటికే మెలివేసి అతుకుతారు. కొసలు కూడా తీసేశారంటే ఆ ఇంట్లో ఇక నేత లేదని అర్థం. అతను గీసిన మగ్గానికి కొసలు వేలాడుతున్నాయి. కింద నియమం రాశాడు. ఈ ఇంట్లో నాణేలు చెల్లవు. వచ్చినవాళ్లు గుంటలో కూర్చుని జానెడు బట్ట నేసి పోవాలి. సగం నేసి లేచినవాళ్లు బయటికొచ్చి వెనక్కి చూస్తే తలుపుకు తాళం ఉంటుంది.

ఫైలుకు కొత్తగా ఏం చేశావంటే, ఇది చేశాడు. నన్ను తిట్టలేదు. చేసి, పంపి, చూస్తానేమోనని ఎదురుచూశాడు. ఆ రెండు పేజీల ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

తర్వాతి ఆదివారం వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మగ్గంలోనే ఉంది. చదువు రాదు, అందుకని ఫోన్లో బొమ్మ చూపిస్తూ రెండు పేజీలూ చదివి వినిపించాను. బొమ్మలోని కిటికీని చూసి గుర్తుపట్టింది.

"మా ఇల్లే. తలుపు తీసి పెట్టిండా?"

"తీసే పెట్టిండమ్మా."

"లోపట వాడున్నడా?"

"చప్పుడు ఇనొస్తదని రాసిండు. మనిషిని గియ్యలే."

నేత ఆపి కాసేపు చెవి పెట్టి వింటున్నట్టు కూర్చుంది. "ఎంతకిస్తున్నవ్ బిడ్డా గీదాన్ని?" అని అడిగింది.

"యాభై" అన్నాను. ఆ మాట నోట్లోంచి రావడానికే సిగ్గేసింది.

"వాడు లోపట ఉండంగ గంత అగ్గువకు ఇయ్యకు."

అక్కడే గడప మీద కూర్చుని ఫోన్లో ధర నూట యాభై చేశాను. చెప్పులేసుకుని వాకిలి దాటేసరికి వెనక మగ్గం చప్పుడు మొదలైంది. ఆమే నేస్తోందని తెలుసు. అయినా తాళం కనిపిస్తుందేమోనని, వెనక్కి తిరిగి తలుపు వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.